తలకింత

పన్నెండున్నరకు సీతాలు చేతికి కూలీల భోజనం టోకెన్లు యాభై వచ్చాయి. వండింది నూట ఎనభై మందికి.

పోర్టు గేటుకు ఎడంపక్క, లారీలు ఆగే చోట, ఆఫీసులకు వెళ్లేవి దించేశాక సామాన్ల ఆటోలో పద్దెనిమిది పెద్ద క్యారియర్లున్నాయి. ఒక్కో క్యారియరు పదిమందికి సరిపోతుంది. అయిదు ఖాళీ అయ్యాయి. పదమూడింటికి మూత తీయలేదు.

బొగ్గు ఓడ సరుకు దించే బెర్తుకు రాలేదు. నిన్నటి నుంచి సముద్రంలోనే లంగరేసుకుని ఉంది. ఓడలో బొగ్గు ఎత్తడానికి పిలిపించిన కూలీలను ఎనిమిది నుంచి పదకొండు దాకా గేటు బయట ఎండలో కూర్చోబెట్టారు. తరవాత యాభై మందిని గోడౌను ఊడ్చడానికి లోపలికి తీసుకుని, మిగతావాళ్లను ఇళ్లకు పొమ్మన్నారు. వాళ్లకు కూలీ లేదు. కూర్చున్న మూడు గంటలకూ ఏమీ లేదు.

కూలీలను సరఫరా చేసే కాంట్రాక్టరు ఉమాశంకర్ కారులో ఏసీ వేసుకుని కూర్చున్నాడు. సీతాలు వెళ్లి అద్దం మీద వేలితో కొట్టింది. అతను అద్దం సగం దించాడు.

"నిన్న సాయంత్రం నూటెనబై అని మీరే సెప్పినారు కదా బాబూ."

"చెప్పానండీ. ఓడ వస్తుందనే చెప్పాను. ఓడ నా చేతిలో ఉంటుందా సీతాలమ్మా?"

"మీ సేతిలో నేదు, మా సేతిలోనూ నేదు. మరి బియ్యం మాయే ఎందుకు పోవాల?"

"వ్యాపారం అన్నాక ఇలాంటివి ఉంటాయండీ. టోకెనుకు అరవై. మొదట్నుంచీ అదే కదా మన మాట." అద్దం పైకి లేచింది.

మాట అదే. కంపెనీకీ ఉమాశంకర్‌కూ మధ్య ఇంకో మాట ఉంది. మధ్యాహ్నం ఒక కూలీకి భోజనం అందకపోతే కంపెనీ ఉమాశంకర్ బిల్లులో అయిదు వందలు కోస్తుంది. భోజనాలు మిగిలిపోతే ఏమీ కోయదు. అందుకని సాయంత్రం ఫోన్లో అతను చెప్పే అంకె ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది. ఆ ఎక్కువకు బియ్యం, పప్పు, నూనె, గ్యాసు సీతాలువి, ఆమెతో కలిసి వండే పోతమ్మవి, గుల్జార్ బేగంవి. పళ్లేనికి నలభై రెండు రూపాయలు పడుతుంది. ఈ రోజు నూట ముప్ఫై పళ్లేలు.

గ్యాంగు మేస్త్రీ మణికంఠ గట్టు మీద కూర్చుని తింటున్నాడు. అతను ఆటో వైపు చూశాడు.

"నూటముప్పై మంది కూడు నేకుండా ఇంటికెల్లిపోనారు. నీ కాడ నూటముప్పై మంది కూడుంది. ఏటప్పా ఇది?"

ఆటో వెనక నిలబడ్డ పోతమ్మ, లారీ క్లీనర్లను పిలిచి పళ్లెం ఇరవైకి ఇస్తానంటోంది. ఇరవై రెండు పళ్లేలు పోయాయి. వచ్చిన నాలుగు వందల నలభైలో నాలుగు వందలు, రెండు గంటలు ఆగినందుకు ఆటోవాడు తీసుకున్నాడు.

*

వంటషెడ్డు పాతనగరంలో, గుల్జార్ బేగం ఇంటి వెనక ఉంది. నాలుగు పొయ్యిలు, ఒక గ్రైండరు, ఒక నీళ్ల తొట్టి. అయిదేళ్ల కిందట కరోనా పోయాక నలుగురు ఆడవాళ్లు మొదలుపెట్టారు. మొదటి పొయ్యి పోతమ్మది. భర్త పోయాక టీ కొట్టు ఎత్తేసి, ఆ పొయ్యి రిక్షా మీద తెచ్చింది. అప్పుడు నలుగురికీ అయిదేసి క్యారియర్ల పని. షెడ్డు అద్దె, ఆటో, కరెంటు, గిన్నెలు తోమే మనిషి జీతం, అన్నీ కలిపి తలకింత అని సీతాలే అంది. ఎవరు ఎన్ని నీళ్లు తోడారు, ఎవరు గ్రైండరు ఎంతసేపు తిప్పారు అని చూడటం మొదలుపెడితే కలిసి వండలేమంది. మిగతా ముగ్గురూ పొయ్యి మీద చెయ్యిపెట్టి ఒప్పుకున్నారు.

అప్పటినుంచి ప్రతినెలా అయిదో తారీఖున ఇత్తడి గిన్నె ఒకటి మధ్యలో పెట్టి దాని మీద గుడ్డ కప్పుతారు. ఒక్కొక్కరూ గుడ్డ కింద చెయ్యిపెట్టి తమ వాటా వేస్తారు. ఎవరు ఎంత వేశారో ఎవరూ చూడరు. చూడకపోవడమే మర్యాద అనుకున్నారు. బిల్లులు కట్టే సీతాలుకు మాత్రం మొత్తం తెలుస్తుంది. పోయిన నెల నలభై ఎనిమిది వేలకు అయిదు వేలు తగ్గాయి. ఆమె తన చీటీ డబ్బు అందులో వేసి నోరు మూసుకుంది.

ఈ రోజు అయిదో తారీఖు.

నలుగురూ కూర్చున్నారు. నాలుగో మనిషి చంద్రిక. మొదట ఉన్నావిడ శ్రీకాకుళం వెళ్లిపోతే రెండేళ్ల కిందట వచ్చింది. ఉమాశంకర్ తమ్ముడి భార్య. పోర్టులో ఒక కంపెనీ ఆఫీసు వాళ్లకు, క్రేను ఆపరేటర్లకు భోజనాలు పంపుతుంది. నూట నలభై పళ్లేలు. ఓడ వచ్చినా రాకపోయినా నూట నలభై. పళ్లెం డెబ్బై అయిదు. నెల తిరిగేసరికి చెక్కు. ఆ పని ఇప్పించింది బావగారే.

గిన్నెలో చేతులు పెట్టడం అయ్యాక చంద్రిక గుడ్డ తీసేసింది.

"ఈసారి లెక్కపెట్టేద్దామండీ. దాపరికం ఎందుకు?"

లెక్కపెట్టింది. నలభై మూడు వేలు. ఎవరివి తగ్గాయో అడగక్కర్లేకపోయింది. పోతమ్మ నేల మీద నుంచి చూపు తిప్పలేదు. చంద్రిక గొంతు పెంచలేదు. పోయిన నెలా తగ్గే ఉంటుందనీ, కట్టలేనివాళ్లు పొయ్యి ఖాళీ చేస్తే అందరికీ మంచిదనీ అంది. బావగారు ఇంకో వంద భోజనాల ఆర్డరు చూశారు. తనకు ఇంకో పొయ్యి కావాలి.

"నేను పెట్టిన రూలు కాదు కదండీ. తలకింత అని సీతాలక్కే పెట్టారట."

పోతమ్మ లేచింది. గోడకున్న తన గరిటె, జల్లిగంటె తీసి తువ్వాల్లో చుట్టడం మొదలుపెట్టింది. "పోనీనెండమ్మీ. రూలంటే రూలే," అంది. ఆమెకు ఈ పొయ్యి తప్ప వేరే పని లేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషిని గిన్నెలు తోమడానికి కూడా ఎవరూ పెట్టుకోరు.

సీతాలు తన పుస్తకం తీసింది. పోయిన నెల ఆమె వండినవి పదమూడు వందల ఎనభై పళ్లేలు. టోకెన్లు వచ్చినవి పదకొండు వందల యాభై. సరుకుల ఖర్చు పోగా మిగిలింది పదకొండు వేల నలభై. వాటా పన్నెండు వేలు. నెలంతా తెల్లారగట్ల లేచి వండినందుకు తన చేతినుంచి తొమ్మిది వందల అరవై పోయింది. పోతమ్మకూ అంతే. గుల్జార్ బేగంకూ అంతే. మొగుడు వాచ్‌మన్ కాబట్టి సీతాలు కట్టగలిగింది. గుల్జార్ భర్త టైలరు కాబట్టి ఆమె కట్టగలిగింది. పోతమ్మకు ఎవరూ లేరు. ముగ్గురిదీ ఒకటే నష్టం. బయటపడింది మాత్రం పోతమ్మ ఒక్కతే.

తలెత్తితే ఎదురుగా గోడవార కడిగి బోర్లించిన క్యారియర్లు కనిపించాయి. ఎర్రరంగు గుర్తున్నవి చంద్రికవి. సీతాలు లెక్కపెట్టింది. పద్నాలుగు. మిగతా ముగ్గురివీ ఆరేసి. మొత్తం ముప్ఫై రెండు. రెండేళ్లుగా రోజూ ఆటోలోకి ఎక్కించి దింపుతున్న సామానే. ఎప్పుడూ లెక్కపెట్టలేదు. నలభై ఎనిమిది వేలను ముప్ఫై రెండుతో భాగిస్తే క్యారియరుకు పదిహేను వందలు. ఆమె ఆ లెక్క రెండుసార్లు వేసింది. చంద్రిక మీద కోపం అప్పటికి ఇంకా రాలేదు. ముందు తన మీద వచ్చింది.

"పోతమ్మప్పా, గరిటె అక్కడెట్టు," అంది. తరవాత చంద్రిక వైపు తిరిగింది. "ఆ రూలు నాను ఎట్టినాను. తప్పెట్టినాను."

"అదేంటండీ?"

"అప్పుడు అందరియీ అయిదేసి. ఇప్పుడు నీయి పద్నాలుగు, మాయి ఆరేసి. ఆటోలో సగం నీ సామానే. తొట్టిలో నీలు సగం నీకే. తలలు నాలుగే గానీ, ఆటో ఎక్కేది తలకాయలు కాదు కదా. క్యారియరుకి పదిహేనొందలు. నీది ఇరవయ్యొక్క వెయ్యి. మాది తొమ్మిదేసి."

చంద్రిక ముఖం ఎర్రబడింది. ఎక్కువ అమ్ముకుంటే శిక్షా అని అడిగింది. కూరలు ఎక్కువ పెట్టి కూడా పళ్లేనికి ఇరవై ఏడు మిగులుతున్నాయంటే అది తన కష్టమంది. గ్యాంగు ఆర్డరు వాళ్లే కోరి తీసుకున్నారంది.

"కోరి తీస్కోలేదు బేటీ," అంది గుల్జార్ బేగం. "అదొకటే దొరికింది. నీ నూట నలభై మాకిప్పించు, మా గ్యాంగు నువ్వు తీస్కో. ఆ రోజునుంచి మళ్లీ తలకింత. నాకు మంజూరే."

చంద్రిక ఫోను తీసుకుని బయటికి వెళ్లింది.

సీతాలు గిన్నెలోంచి మూడు వేలు తీసి తన కొంగున కట్టుకుంది. మూడు వేలు గుల్జార్ చేతిలో పెట్టింది. పోతమ్మ ఇంకా రెండు వేలు వెయ్యాలని గట్టిగానే చెప్పింది. వారంలో ఇస్తానంది పోతమ్మ. తువ్వాలు విప్పి గరిటె గోడకు తగిలించింది. చంద్రిక వేయవలసిన తొమ్మిది వేలు ఆ రోజు గిన్నెలో పడలేదు.

*

అయిదింటికి ఉమాశంకర్ ఫోను చేశాడు. ఆడవాళ్ల వాటాల గొడవ తనకెందుకన్నాడు. చంద్రిక చిన్నపిల్ల, సర్దుకుపొమ్మన్నాడు. రేపు ఓడ ఖాయంగా వస్తుందన్నాడు.

"రెండొందలు చేసేయండి సీతాలమ్మా."

"కాయితం మీద రాసియ్యండి బాబూ. వండినన్నిటికీ డబ్బులు. టోకెన్లతో పని నేదు."

అతను నవ్వాడు. "ఊళ్లో హోటళ్లు లేవనుకుంటున్నారా?"

"ఉన్నాయి. అరవైకి ఎవులిత్తారో ఆలకాడే తీసుకోండి."

ఫోను కట్టయింది. గుల్జార్ బేగం చాలాసేపు గచ్చు తుడుస్తూ ఉండిపోయింది. ఓడ నిజంగా వస్తే, వండనందుకు ముగ్గురికీ తలా వెయ్యి పైన పోతాయి. అతను పంతం పట్టి వేరే షెడ్డుకు ఇచ్చేస్తే రేపటి నుంచి ఏమీ ఉండదు.

సీతాలు మణికంఠకు ఫోను చేసి, రేపు తమ దగ్గర వంట లేదని, అందర్నీ ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకోమని చెప్పమంది.

"అందరికీ నాను సెప్పలేనప్పా. కొందరు కాళీ కడుపుతో వత్తారు. బొగ్గు పని."

"తెలుసు."

"తెలిసీ సేత్తన్నావా?"

"తెలిసే సేత్తన్నాను. మొన్నటిదాకా ఆలకి నానెట్టినాను, నాకు ఎవులెట్టినారు సెప్పు."

మణికంఠ, కూర్చోబెట్టిన మూడు గంటలకు ఏమిస్తావని ఉమాశంకర్‌ను తామూ ఒకసారి అడగాలి అన్నాడు. అడుగుతానని అనలేదు.

*

మర్నాడు పొద్దున షెడ్డులో చంద్రిక పొయ్యి ఒకటే వెలిగింది. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా వంకాయలు తరిగింది. మిగతా ముగ్గురూ గుమ్మంలో కూర్చున్నారు. అయిదేళ్లలో పండగలు కాక ఆ వేళప్పుడు వాళ్ల చేతులు ఖాళీగా ఉండటం ఇదే మొదలు. పోతమ్మ ఊరికే ఉండలేక పక్కింటి వాళ్ల తోటకూర బాగు చేసిచ్చింది.

పదిన్నరకు వీధి చివర కారు ఆగింది. ఉమాశంకర్ నడుచుకుంటూ వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఓడ ఎనిమిదింటికి బెర్తుకు వచ్చింది. కూలీలు లోపలున్నారు. రెండు హోటళ్లను అడిగితే పళ్లెం ఎనభై అయిదు అన్నారు, రెండింటికి ముందు తేలేమన్నారు. ఇదంతా అతను నిలబడే చెప్పాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"సరదాలకి టైము కాదమ్మా ఇది. కూరలొద్దు. అన్నం, పప్పు చేసి పడెయ్యండి. ఒంటిగంటకి అందాలి."

నిన్నటిదాకా 'సీతాలమ్మా' అన్నవాడు ఇప్పుడు ఉత్త 'అమ్మా' అన్నాడు. సీతాలు లేచి లోపలికి వెళ్లి, గుల్జార్ కూతురి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, పెన్నుతో పాటు అతని ముందు పట్టింది.

"ఎంతమందికి?"

"ముందు ఎసరు పెట్టండి. ఎంతైతే అంత."

"ఎంతైతే అంత అని బియ్యం పొయ్యలేం బాబూ. ఎంతమందికి? అంకె ఎయ్యండి. కింద సంతకం ఎట్టండి. రాసినన్నిటికీ అరవై."

లోపల చంద్రిక కత్తిపీట చప్పుడు ఆగింది.

ఉమాశంకర్ కాగితం వైపు చూశాడు. లోపల నూట డెబ్బై మంది ఉన్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్నవాళ్లు ఎందరో అతనికి తెలియదు. ఎక్కువ రాస్తే మిగిలినవి తన డబ్బు. తక్కువ రాస్తే కంపెనీ కోసేది తన డబ్బు. అతను ఫోను తీసి ఎవరికో చేశాడు. వాళ్లు ఎత్తలేదు. మళ్లీ చేశాడు.

"నూట... ఎనభై రాసుకోండి," అన్నాడు. వెంటనే, "కాదు, ఆగండి," అన్నాడు.

సీతాలు పెన్ను అలాగే పట్టుకుంది. టైము పదీ నలభై. అతను పెన్ను తీసుకోలేదు. వద్దనీ అనలేదు. పెదాలు కదుపుతూ, కుడిచేతి వేళ్ల మీద ఎడంచేతి బొటనవేలు ఆనించి లెక్కపెట్టుకుంటున్నాడు. వేళ్లు అయిపోయాయి. మళ్లీ మొదటి వేలికి వచ్చాడు.

గుల్జార్ బేగం గ్యాసు లైటరు పట్టుకుని పొయ్యి పక్కన నిలబడింది. ఇంకా నొక్కలేదు.