హెర్మీనా కూర్చోలేదు

ఎడమచేతి గోళ్లు అరగదీసుకుని హెర్మీనా వేళ్లు మరోసారి వాసన చూసుకుంది. సబ్బు వాసన కూడా తగలకూడదు. చేతికి ఉంగరం, మెడలో గొలుసు ఉండకూడదు. గ్రాట్స్ నగరంలో బొత్తాల దుకాణం నడుపుకునే ఈ సన్నటి మనిషికి పగలు బొత్తాలు, సాయంత్రాలు పుటలు. పియానో వాయించేవాళ్ల పక్కన కూర్చుని, సమయానికి లేచి స్వరాల పుస్తకంలో పుట తిప్పి, చప్పుడు కాకుండా మళ్లీ కూర్చోవాలి. కచేరీ కరపత్రంలో ఆమె పేరు ఎన్నడూ ఉండదు. ఉంటే సిగ్గుతో చచ్చిపోయేది.

ఈవేళ మాత్రం పొద్దున్నుంచీ కాలు నిలవడం లేదు. ఎర్ర బొత్తాలడిగినావిడకు నీలం బొత్తాలు కట్టి పంపింది. పియానో వాయించే ఒటీలీకి ఇది ఆఖరి కచేరీ, వేళ్ల కీళ్లు ఇక మాట వినడం లేదు.

మధ్యాహ్నం సాధనలో గాయకుడు గెర్నోట్ తన మంద్రమైన గొంతుతో చివరి పాట ముగించి మంచినీళ్లకు వెళ్లాడు. ఒటీలీ ఇంకా వాయిస్తూనే ఉంది. ఆ పాటలో మాటలైపోయాక పియానో ఒక్కటే చాలాసేపు సాగుతుంది. గాయకుడు చెప్పలేక మింగేసినదంతా అది చెబుతుంది.

"ఇదెవరూ వినరే హెర్మీనా," అంది ఒటీలీ. "అతను నోరు మూస్తాడు, నువ్వు కూర్చుంటావు. ఇంకేముంది, అయిపోయిందని చప్పట్లు మొదలెడతారు. నేను గోడలకి వాయించుకుంటాను."

"ఇవాళ వింటారు లెండి," అంది హెర్మీనా. ఎలాగో ఆమెకూ తెలియదు.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. మొదటి పాటకే గెర్నోట్ జనాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు. వలపు, ఎడబాటు, వసంతం, ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతున్నాయి. హెర్మీనా లేస్తోంది, తిప్పుతోంది, కూర్చుంటోంది. చివరి పాటలో ఆఖరి పుట తిప్పింది. గెర్నోట్ ఆఖరి మాట పాడి నోరు మూశాడు.

హెర్మీనా కూర్చోలేదు.

తిప్పాల్సింది ఇంకా ఉన్నట్టే పుట మూల పట్టుకుని నిలబడిపోయింది. ముందు వరసలో చప్పట్లకు లేచిన చేతులు గాలిలోనే ఆగాయి. అందరూ ఆమెవంకే చూస్తున్నారు. పుటలు తిప్పే మనిషికి అంతకు మించిన తలవంపులు లేవు. చెవులు కాలిపోతున్నా లోపల పిచ్చి సంతోషంగా ఉందామెకు. ఒటీలీ గాభరాగా ఓరచూపు చూసింది. సంగతి అర్థమై, ఇంకా నెమ్మదిగా వాయించింది. చివరి స్వరం సన్నబడి సన్నబడి ఆగిపోయింది. ఎవరూ దగ్గలేదు. ఒటీలీ చేతులు ఒళ్లోకి చేరాయి.

అప్పుడు కూర్చుంది హెర్మీనా. ముసలివాళ్లు సైతం చప్పట్లు చాలక చెక్కనేలను కాళ్లతో దబదబా బాదారు.

జనానికి వంగి నమస్కరించడం పుటలు తిప్పేవాళ్ల ఆనవాయితీ కాదు. గెర్నోట్, ఒటీలీ చేయీ చేయీ పట్టుకుని వంగుతుండగా హెర్మీనా పక్క తలుపులోంచి జారుకుని, కోటు తగిలించుకుని, ట్రామెక్కేసింది. ఇక ఎవరి పక్కనా పుటలు తిప్పేది లేదని ఆ సీట్లోనే నిశ్చయించుకుంది. ఇంతకంటే మంచి సాయంత్రం మళ్లీ రాదు.

చేతినిండా పూలతో తిరిగొచ్చిన ఒటీలీ "ఎక్కడికెళ్లావే?" అని పిలిచింది. పియానో మీద పుస్తకం తెరిచే ఉంది. ఆఖరి పుట పైమూల బొటనవేలి చెమటకు మెత్తబడి, కొంచెం ముడుచుకుని ఉంది.