ఉలవ గుగ్గిళ్లు

డాక్టరు రెండు దారులు చెప్పాడు. మూడు నెలలకోసారి సూది వేయించుకోవడం ఒకటి. ఒక్కసారే కోసి వృషణాలు రెండూ తీసేయించుకోవడం ఇంకొకటి. ప్రోస్టేటులో పుట్టిన క్యాన్సరు నడుము ఎముకల దాకా పాకిందనీ, దానికి మేత వేసేది మగ హార్మోనేననీ, ఆ మేత ఆగితే చాలాకాలం అణిగి పడుంటుందనీ కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించాడు.

"ఏది చేసినా ఫలితం ఇంచుమించు ఒకటే పెద్దాయనా. సూదులైతే వద్దనుకున్న రోజు ఆపొచ్చు. ఆపరేషన్ అయితే పోయింది పోయినట్టే. ఇంట్లో అమ్మతో మాట్లాడుకుని రండి."

రాజనర్సయ్య తలూపాడు. వెంట వచ్చిన వీర్రాజు భుజం పట్టుకుని మెట్లు దిగాడు. పంజాగుట్ట చౌరస్తాలో చాయ్ చెప్పి కూర్చున్నారు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో రాజనర్సయ్య, భార్య రుద్రమ్మ నడిపేది ఇడ్లీ బండి. దాని వెనకే వీర్రాజు జిరాక్సు కొట్టు. తణుకు వైపు మనిషి, నోరు ఊరుకోదు గానీ మనసు మంచిది. మూత్రం బొట్లు బొట్లుగా వస్తున్నదని రాజనర్సయ్య చెప్పుకున్నది ఆయన ఒక్కడికే.

"సూదులే తీసుకోండి నర్సయ్య గారూ. ఈ వయసులో వాటితో పనేంటంటారేమో. నాకూ పనేం లేదు. అయినా ఉండనివ్వమనే అంటాను."

రాజనర్సయ్యకు నవ్వొచ్చింది. నవ్వితే నడుము కలుక్కుమంది.

"మూన్నెల్లకోసారి ఏం చెప్పి రావాలె భాయ్? దవాఖాన అన్ననంటె రుద్రమ్మ బండి బందువెట్టి చెప్పులేస్కుంటది. సూది దేనికని సిస్టర్‌ను అడుగుతది. చెప్పేదాక ఇడువది. ఆపరేషనైతె ఒక్కసారి. ఒక్క అబద్ధంతోని అయిపోతది. వరిబీజం, నీళ్లు తీస్తున్నరని చెప్త."

"నిజం చెబితే ఏమవుతుందండీ? ముసలాళ్లయ్యేదాకా కాపురం చేశారు."

"ఆమె ఎవల బిడ్డనో నీకు తెల్వదు."

వీర్రాజుకు తెలియదు, నిజమే. రుద్రమ్మ తండ్రి చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ కోడెలకు విత్తు కొట్టే మనిషి. కోడెను పడేసి, కాళ్లు కట్టి, రెండు కర్రల నడుమ బీజాలను నలిపేవాడు. వయసులో రాజనర్సయ్య తన మైల కోడెను తోలుకుని వాళ్ల వాకిలికి పోయాడు. అది పెట్టిన రంకె వినలేక చెవులు మూసుకుని గోడ చాటుకు పోతే, తాడు పట్టుకున్న పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ పిల్లే రుద్రమ్మ. పని అయ్యాక పసుపూ ఆముదమూ రాసి, బెల్లం కలిపిన ఉలవ గుగ్గిళ్లు ఆ పిల్లే కోడె నోటికి అందించింది. అది వాళ్లింటి పద్ధతి. విత్తు కొట్టిన జీవం ముద్ద ముట్టేదాకా ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినరు.

ఆ తర్వాత మైల కోడె ఎద్దయి కాడి కిందికి వచ్చింది. కుమ్మడం మానేసింది. కొమ్ము పట్టుకుంటే తల వంచేది. ఇంకో పశువు దాని మేత తింటున్నా చూస్తూ నిలబడేది. రుద్రమ్మ ఎప్పుడైనా, పెళ్లాం మాటకు ఎదురాడని మగవాణ్ని చూసి, "గాయన ఎన్నడో ఎద్దయిండు" అని నవ్వేది. రాజనర్సయ్యా నవ్వేవాడు. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే చెవులు కాలుతున్నాయి.

మళ్లీ పోయినప్పుడు డాక్టరు అడిగాడు. "అమ్మతో మాట్లాడారా?"

"మాట్లాడిన సార్. తీసెయ్యుండ్రి."

ఆపరేషన్ రోజు అనుకున్నట్టే రుద్రమ్మ బండి మూసేసి వెంట వచ్చింది. "వరిబీజానికి గింత దిగులు వడ్తవేందయ్యా, జర నవ్వు" అంటూ ఆయన గడ్డం నిమిరింది. సిస్టర్లు ఆమెతో ఏం మాట్లాడబోయినా వీర్రాజు అడ్డం రావాలని ఏర్పాటు. పాపం, తలుపు దగ్గర కాపలాలాగే కూర్చున్నాడాయన.

వెన్నులో మత్తు ఇచ్చారు. నడుము కింద తనది కాని దేహం ఏదో పడి ఉన్నట్టనిపించింది రాజనర్సయ్యకు. రంకె లేదు, నొప్పి లేదు. కత్తెర పళ్లెంలో పడ్డ చప్పుడు మాత్రం వినపడింది. మైల కోడెకు ఈ మత్తన్నా లేకపాయె అనుకున్నాడు.

వార్డులోకి తెచ్చాక రుద్రమ్మ కాళ్ల మీద దుప్పటి సర్దింది. ఒక్క మాటా మాట్లాడలేదు. మత్తు దిగుతుంటే అడిగాడు: "తిన్నవా?"

"తింట తియ్యి."

మర్నాడు మధురానగర్‌లో తాము ఉండే గదికి ఆటోలో తీసుకొచ్చింది. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరు వీపు మీద తట్టి "మెల్లగ పోనియ్యి బిడ్డా" అంది. గదిలోకి వచ్చాక రాజనర్సయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె జావ తెచ్చింది, వద్దన్నాడు. ఇడ్లీ తెచ్చింది, వద్దన్నాడు. నోరు చేదుగా ఉంది. అంతకంటే, ఆమె ముందు లేచి కూర్చోవాలంటే సిగ్గుగా ఉంది.

సాయంత్రం గదిలోకి వాసన వచ్చింది. ఉడుకుతున్న ఉలవల వాసన. మొదట పక్క హాస్టల్లో ఎవరో వండుకుంటున్నారనుకున్నాడు. తర్వాత బెల్లం కరిగిన వాసన కూడా వచ్చింది. రాజనర్సయ్య కళ్లు తెరిచాడు.

రుద్రమ్మ గిన్నె తెచ్చి మంచం పక్కన కింద కూర్చుంది.

"ఎవలు చెప్పిండ్రు?" అన్నాడు. "వీర్రాజా?"

"గాయన నోరు తెరిస్తె బాగుండు. మందుల షాపుకు కిందికి వోయిండు. గప్పుడే లోపల్నుంచి ఆయమ్మ వచ్చి, రాజనర్సయ్య మనుషులెవరని పిలిచింది. తీసింది ఇంటి మనిషికి చూపియ్యాల్నట, ఆడ రివాజట. స్టీలు గిన్నె మీద బట్ట తీసి నా ముందట వెట్టింది. చూసుకో అమ్మా, రెండూ తీసినం అన్నది."

ఆ రివాజు సంగతి అటు రాజనర్సయ్యకూ తట్టలేదు, ఇటు వీర్రాజుకూ తట్టలేదు.

"మా నాయిన దగ్గర పెరిగినదాన్ని, నాకు చూపిస్తె తెల్వదా? గోడ పట్టుకొని నిల్చున్న. వీర్రాజన్న పైకి రాంగనె కాలర్ వట్టిన. అప్పుడు చెప్పిండు. క్యాన్సర్ అన్నడు. సూదుల సంగతి సుత చెప్పిండు."

పైన ఫ్యాను తిరుగుతున్నది. మెట్రో రైలు పోతుంటే కిటికీ అద్దం సన్నగా అదిరింది.

"నవ్వుతవని..." అన్నాడు చివరికి.

"ఏమని?"

"ఎద్దయిండని."

రుద్రమ్మ గిన్నెలోకి చూసింది. కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"కోడెనంటె ఎవలు అడుగుతరు, దానికి నోరు లేదు. మా నాయిన ఎన్నడు ఏ కోడెనూ అడగలె. నాకు నోరుండె గదయ్యా. నన్ను ఒక్కమాట అడుగుతె నీ సొమ్మేం పోతుండె?"

తాను దాచుకున్నది జబ్బు ఒక్కటే కాదనీ, ఆమె చెప్పాల్సిన మాటను కూడా తానే మింగేశాననీ అప్పుడు ఆయనకు అర్థమైంది. దాన్ని ఏ డాక్టరూ తిరిగి కుట్టలేడు.

ఆమె పిడికెడు గుగ్గిళ్లు తీసి ఆయన నోటి దగ్గర పట్టింది. ఆమె పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఆస్పత్రిలో "తింట తియ్యి" అన్న మాట గుర్తొచ్చింది.

"నువ్వు నిన్నటి సంది ఏం తినలేదా?"

"నువ్వు ముద్ద ముడితె గద."

రాజనర్సయ్య మోచేతి మీద లేవబోయాడు. కుట్లు లాగాయి. ఆమె వీపు వెనక చెయ్యేసి లేపింది. నోరు తెరిచాడు. ఉలవలు మెత్తగా, వేడిగా, తియ్యగా ఉన్నాయి. నమిలి మింగాడు.

"సూదులా, ఆపరేషనా అని నిన్ను అడిగి ఉంటె, ఏమంటుంటివి?"

"ఏమో," అంది రుద్రమ్మ. "అడిగిననాడు తెలుస్తుండె."

ఆయన ఇంకో ముద్ద మింగాడు. ఆమె గిన్నెలో చెయ్యి పెట్టి, అప్పుడు తన నోట్లో కాసిని గింజలు వేసుకుంది.