మందు కాదు, బలం

నేను ఒక ప్లాస్టిక్ సీసాను. కర్మాగారంలో నా కడుపు నిండా విటమిన్-ఇ గుళికలు పోసి, ఒంటిమీద దౌడు తీసే గుర్రం బొమ్మ అతికించారు. ఈ గుళిక మింగిన గుర్రాన్ని నేనింతవరకు చూడలేదు.

నన్ను కొన్నవారు కాకినాడ ఓడరేవులో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందిన భూషణం గారు. ఆయన గుండెలో కృత్రిమ కవాటం ఉంది. అందుకని రక్తం పలచన చేసే మాత్ర రోజూ వేసుకుంటారు. ఆ మాత్ర మందుల డబ్బాలో ఉంటుంది. నన్ను మాత్రం భోజనాల బల్ల మీద ఆవకాయ జాడీ పక్కన నిలబెట్టారు. ఆ ఇంటి శాస్త్రం ప్రకారం నేను మందును కాను, బలాన్ని.

నెల తిరిగేసరికి రక్తపరీక్షలో విటమిన్-ఇ ఉండవలసినదానికి రెట్టింపు తేలింది. ఆ కాగితాన్ని ఆయన నడక మిత్రులందరికీ మార్కుల పత్రంలా చూపించారు. రక్తంలో విటమిన్ పెంచింది నేనే, కాదనను. కానీ కాలువలో నీరు పెరిగినంత మాత్రాన చేలో దిగుబడి పెరగదు.

ఆ వారమే పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళ నుంచి రక్తం కారింది.

"విటమిన్ చాలడం లేదేమోనే," అన్నారు భార్య అనసూయమ్మతో.

"రెట్టింపు ఉందని ఊరంతా చాటి వచ్చారుగా?"

"అది రక్తంలో. చిగుళ్ళ సంగతి వేరు."

అలా రోజుకు మూడేసి మింగడం మొదలైంది. పిల్లలు తిప్పలేని మూత పెట్టారు నాకు; పెద్దల గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఓ ఉదయం ముక్కు నుంచి మొదలైన రక్తం తువ్వాలు తడిసినా ఆగలేదు. అనసూయమ్మ నన్ను సంచిలో వేసుకుని ఆయనను ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

"పలచన చేసే మాత్ర కాక ఇంకేం మందులు వాడుతున్నారు?" అని డాక్టర్ రెహానా అడిగారు.

"ఇంకే మందూ లేదమ్మా," అన్నారాయన, ముక్కుకు గుడ్డ అదిమి.

అనసూయమ్మ నన్ను తీసి బల్ల మీద పెట్టింది. "ఇది మందు కాదట డాక్టరుగారూ, బలమట. రోజుకు మూడు."

డాక్టర్ నన్ను తిప్పి చదివారు. "ఇంత మోతాదైతే ఆ మాత్ర ప్రభావాన్ని ఇది ఇంకా పెంచుతుంది, బాబాయ్ గారూ. ఈ రక్తం ముక్కులో కాక మెదడులో కారి ఉంటే మీరిక్కడికి నడిచి వచ్చేవారు కాదు."

భూషణం గారు నన్ను మొదటిసారి మందును చూసినట్టు చూశారు.

ఆయన బతికి బయటపడ్డారు. నన్ను ఖాళీ చేసి డాక్టర్ తన బల్ల మీదే ఉంచుకున్నారు. వచ్చిన ప్రతి రోగికీ చూపించి, "ఇలాంటిదేమైనా వాడుతున్నారా?" అని అడుగుతారు.

నిన్నొక పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి, "అబ్బే, మాకెందుకండీ ఇవన్నీ," అన్నాడు. ఆయన లేవగానే చొక్కా జేబులో నా తమ్ముడొకడు గలగలలాడాడు.