సిమెంటు గది

గేటు చప్పుడైతే చాలు, ఆ ఇంట్లో పరుగు మొదలయ్యేది.

మేస్త్రి చొక్కా తొడుక్కుంటూ, భార్య చేతిలో పని అక్కడే పడేసి, కోడలు ఎనిమిది నెలల కొడుకుని చంకనేసుకుని, ముగ్గురూ పెరటి వైపున్న సిమెంటు గదిలోంచి బయటపడి, మధ్య ముంగిలి దాటి, ముందు హాల్లోకి చేరేవాళ్ళు. గబగబా సోఫాలో కూర్చుని ముఖాలు తుడుచుకునేవాళ్ళు. తలుపు తీసేసరికి పొద్దున్నుంచీ అక్కడే ఉన్నట్టు కనిపించేవాళ్ళు.

ఆ గదిలోంచి కదలనిది మేస్త్రి తల్లి ఒక్కతే. మీ పరువు మీరే మోసుకోండి, ఈ వయసులో చెమటలు కక్కుతూ నేను మోయలేను అనేది.

చదివేవాళ్ళకి నవ్వు రావచ్చు. నవ్వే ముందు మన ఇంటి గోడ మీద కూడా ఒకసారి చెయ్యి పెట్టి చూసుకుందాం.

ఏడాదికి రెండు వానలు పడితే గొప్ప అనుకునే చోటది. పొద్దున పదింటికే వీధి ఖాళీ అయ్యేది. గాలి వీస్తే అన్నంలో ఇసుక. మేస్త్రి తండ్రి అక్కడ మట్టి ఇటుకలతో మూరెడు మందాన గోడలు పెట్టి ఇల్లు కట్టాడు. మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు, కప్పు కింద వేడి పోవడానికి చిన్న చిన్న కంతలు. ఎండాకాలం పగలంతా ఉత్తరపు గదిలో, చలికాలం దక్షిణపు గదిలో ఉండేవాళ్ళు. గోడ చివర ఇటుకల్ని ఒకటి వదిలి ఒకటి పళ్ళలా బయటికి ఉంచేవాడు ఆయన. ఇంట్లో మనుషులు పెరిగితే ఆ పళ్ళకి ఇంకో గోడ కలుపుకోవచ్చు. పళ్ళున్న ఇల్లే పెరుగుతుందిరా అనేవాడు.

కొడుకు మేస్త్రి అయ్యాక వీధిలో వాళ్ళు పేరు పెట్టారు. మట్టి మేస్త్రి. ఊరికి పక్కా ఇళ్ళు, తనకి మాత్రం మట్టి గోడల కచ్చా కొంప అని నవ్వారు. ఆ నవ్వు పడలేక అతను తండ్రి ఇల్లు పడగొట్టాడు. సిమెంటు గోడలు లేపి, దారిన పోయేవాళ్ళకి కనిపించేలా పడమటి వైపు నిలువెత్తు అద్దాలు పెట్టాడు. ఉత్తరపు గది ఒక్కటి మిగిలింది. అది కూడా సిమెంటు బస్తాలకి వేరే చోటు లేక మిగిలింది. అందుకే దాన్ని సిమెంటు గది అనేవాళ్ళు. నిజానికి గోడల్లో చిటికెడు సిమెంటు లేనిది ఆ గదొక్కటే.

మొదటి ఎండాకాలానికే హాలు గోడ పెనంలా కాలింది. చల్లగాలి యంత్రం పెడితే, మధ్యాహ్నానికి అన్ని ఇళ్ళవాళ్ళూ యంత్రాలు పెట్టి కరెంటు పోయేది. ఎవరూ ఎవరితోనూ అనుకోకుండానే మంచాలు ఒక్కొక్కటీ సిమెంటు గదిలోకి వెళ్ళిపోయాయి. దొంగసొత్తు దాచినట్టు ఆ చల్లదనాన్ని దాచుకున్నారు. హాలు చూసి ముచ్చటపడినవాళ్ళకి మేస్త్రి అలాంటివే ఇంకో ఏడు ఇళ్ళు కట్టాడు. ఆ ఏడిట్లోనూ సిమెంటు గది లేదు.

ఒక మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రంలో పనిచేసే నర్సమ్మ వచ్చింది. కూతురికి నెలలు నిండుతున్నాయి, పాత మట్టి ఇల్లు తీసేసి అచ్చం ఇలాంటిదే కట్టించాలని ఆమె కోరిక. కరెంటు అప్పటికే పోయింది. మేస్త్రి కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఎండ బాగా కొడుతుందేమో అని నర్సమ్మ అనుమానపడింది.

"అదేం లేదండీ. మేమంతా ఉండేది ఇక్కడేగా" అన్నాడు మేస్త్రి.

గంట గడిచింది. కోడలి ఒళ్ళో పిల్లవాడు ముందు ఏడ్చాడు, తర్వాత మానేశాడు. కోడలు అత్త వైపు చూసింది. అత్త నేల వైపు చూసింది. పిల్లవాడు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడని గమనించింది నర్సమ్మే. లేచి వచ్చి ఒళ్ళు తాకింది. కాలిపోతోంది. పెదవులు ఎండిపోయాయి.

"ఈ ఇంట్లో చల్లగా ఉండే చోటేది?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. రెండు ఊపిర్లు తీసుకునేంత సేపు, అంతే. ఆ కాస్త సేపట్లో మేస్త్రి మనవడి గురించి ఆలోచించలేదు. తన పేరు గురించి ఆలోచించాడు. ఆ సంగతి తర్వాత అతను మరిచిపోలేకపోయాడు.

సిమెంటు గది అంటూ కోడలే లేచి పరుగెత్తింది. సిమెంటు గదిలోకెందుకమ్మా, ఊపిరాడదు అంటూ వెనకే వెళ్ళిన నర్సమ్మ గుమ్మం దాటగానే ఆగిపోయింది. నూతిలోకి దిగినట్టు చల్లగా ఉంది. బస్తాల మధ్య మంచాలు, ఉయ్యాల, నీళ్ళ కుండ, తీగ మీద పిల్లవాడి బట్టలు.

ఏమీ అడగకుండా ముందు పని చూసింది. బట్టలు విప్పి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, విసురుతూ, కాసేపటికొకసారి తల్లి చేత పాలు పట్టించింది. అరగంటకి పిల్లవాడు గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపుకి అందరి ప్రాణాలూ లేచొచ్చాయి.

అప్పుడు ముసలామె అంది: "మావాడు పనిమంతుడే తల్లీ. సిమెంటు పాడవకూడదని ఈ నీడలో దాచాడు. మనుషులదేముంది, ఎండినా పాడైపోరు."

నర్సమ్మ నవ్వలేదు. "మేస్త్రీ, నీ మనవడికి ఈ గదుంది. నా కూతురు బిడ్డని ఎక్కడ పడుకోబెట్టుకోవాలి?" అని అడిగింది.

మేస్త్రి బయటికి వెళ్ళి, ఆ గది గోడ చివర తాను చేసిన సున్నపు పూతని తాపీతో గీకాడు. పెళ్ళలు రాలి తండ్రి వదిలిన పళ్ళు బయటపడ్డాయి. నర్సమ్మకి అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు. ఆమె పాత ఇల్లు పడగొట్టొద్దని, కప్పు బాగుచేసి, పడమటి కిటికీలు మూసి, ముంగిట్లో పందిరి వేసి, కూతురికి ఆ ఇంటి గోడకే ఇంకో గది కలుపుతానని చెప్పాడు. ఆమె సరేనంది. తర్వాత మెల్లగా, మరి ఆ ఏడు ఇళ్ళ సంగతేంటని అడిగింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మేస్త్రి మొదటి ఇంటి గేటు తట్టాడు. లోపల సర్దుకుంటున్న చప్పుడు. ఇల్లాలు కొంగుతో మెడ తుడుచుకుంటూ తలుపు తీసి, బలవంతాన నవ్వింది. మీరు కట్టిన ఇల్లు హాయిగా ఉందండీ అంది. ఆ మాట తనింట్లో వచ్చినవాళ్ళతో రోజూ అంటున్నదే. మేస్త్రికి నేల చీలితే బాగుండుననిపించింది.

"అబద్ధం మీరెందుకమ్మా చెప్పడం, ముందు చెప్పింది నేను" అన్నాడు. "ఆ పడమటి అద్దాలు తీసి గోడ కడతాను, ఇంటి ముందు పందిరి వేస్తాను. లోపలున్నవాళ్ళకి నీడనివ్వని ఇల్లు సిమెంటుతో కట్టినా కచ్చాదేనమ్మా. అది తెలిసీ నోరు మూసుకున్న మేస్త్రి అంతకన్నా కచ్చా."