దుంపల చేను

పొద్దున్నే లాండ్రీ తలుపులు తీయగానే పెద్దావిడ బాయిలర్ వెలిగిస్తుంది. అది వేడెక్కేలోగా చిన్నావిడ ముందురోజు వచ్చిన బట్టలు బల్ల మీద పరిచి, మరకల్ని బట్టి కుప్పలు వేస్తుంది. కూర మరకలు ఒకవైపు, సిరా మరకలు ఒకవైపు, పిల్లల ఘనకార్యాలు ఇంకోవైపు. కిటికీ కింద విడిగా లైబ్రరీ బట్టలు.

లైబ్రరీ సరిగ్గా వీధికి అవతలే ఉంది. మేడ మీద యూరప్ చరిత్ర, యుద్ధాల పుస్తకాలు ఉన్న గదిలో కూర్చుని చదివేవాళ్ళ బట్టలు పాడవుతాయి. మనిషి కుర్చీలోంచి కదలడు, పేజీ మీదికి తల వంచుకుని అలాగే ఉంటాడు. కాసేపటికి బూట్లకి బురద ఎక్కుతుంది, కోటు భుజాలు తడుస్తాయి. ఆ గదిలో కుర్చీల కింద లైబ్రేరియనమ్మ గోనెపట్టాలు పరిపించింది. యుద్ధాలు చదివేవారు పాతబట్టలు వేసుకుని రావలెను అని బోర్డు కూడా పెట్టించింది గానీ ఆఫీసు నుంచి అటే వచ్చేవాళ్ళు ఏం చేస్తారు?

అందుకే లాండ్రీలో బట్టలు తీసుకునేటప్పుడు చిన్నావిడ, "ఏ యుద్ధమండీ?" అని అడిగేది. మొదటి ప్రపంచ యుద్ధమైతే తెల్లటి సుద్దమట్టి, ఎండనిచ్చి దులపాలే తప్ప తడపకూడదు. రెండోదైతే ఇంజన్ ఆయిలు, ఇటుకల పొడి. చక్రవర్తుల కాలానివైతే గుర్రపు వెంట్రుకలు, ఓపిగ్గా ఏరుకోవడమే. పళ్ళ డాక్టరు ఒకాయన అచ్చంగా ఓడల యుద్ధాలే చదివేవాడు. ఆయన ప్యాంట్లు ఉప్పుతో అట్టకట్టి, నేల మీద పెడితే వాటంతటవే నిలబడేవి.

"ఎప్పుడన్నా ఒడ్డుకి రండి డాక్టరుగారూ, మా డ్రమ్ము తుప్పు పడుతోంది," అనేది పెద్దావిడ.

ఈ ఇద్దరూ తోడికోడళ్ళు. పెద్దావిడ భర్త పొద్దున ఇస్త్రీ బట్టలు సైకిలు మీద ఇళ్ళకి చేరవేసి, సాయంత్రమయ్యేసరికి లైబ్రరీలో ఉండేవాడు. చిన్నావిడ భర్త సిపాయి. పెళ్ళయిన మరుసటి ఏడే సరిహద్దులో యుద్ధం వస్తే వెళ్ళాడు. అది పెద్ద యుద్ధమేమీ కాదు, నెల తిరక్కుండా ముగిసింది. దాని మీద పుస్తకం రాయాలని కూడా ఎవరికీ తోచలేదు. ఆచూకీ తెలియలేదని మాత్రం కబురొచ్చింది. చనిపోయాడని ఎవరూ అనలేదు కాబట్టి చిన్నావిడా అనుకోలేదు. అప్పట్లో ఆమె జడ నడుము దాకా ఉండేది, ఇప్పుడు సగం నెరిసిన ముడి.

ఆయన బట్టలు మేడ మీద పెట్టెలో ఉండేవి. చలికాలం మొదలవగానే తీసి ఎండలో వేసి, ఇస్త్రీ చేసి, మళ్ళీ సర్దేది. నాలుగైదేళ్ళకోసారి ప్యాంట్ల నడుము విప్పి కాస్త వదులు చేసి కుట్టేది.

"ఈ వయసులో మగవాళ్ళకి పొట్టొస్తుంది కదక్కా," అనేది.

పెద్దావిడ బాయిలర్ వైపు తిరిగిపోయేది.

ఆ ఏడు చలి ముదిరాక పెద్దావిడ భర్త కోటు మీద కొత్త మరక కనిపించింది. ఎడమ చేతికి, మోచేతి కింద, నాలుగు వేళ్ళూ బొటనవేలూ విడివిడిగా తెలిసేలా నెత్తుటి చెయ్యి. ఎవరో గట్టిగా పట్టుకుని లాగినట్టు బట్ట కూడా అక్కడ ముడతపడింది. చిన్నావిడ దాన్ని చన్నీళ్ళలో నానబెట్టింది, ఉప్పు రాసింది, పెరాక్సైడ్ చుక్కలు వేసింది. మరక పోయింది. కోటు ఆరేకొద్దీ అదే చోట మళ్ళీ తేలింది.

రెండు రోజుల తర్వాత బస్సు డ్రైవరు ప్యాంటు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మడమ పైన అదే చెయ్యి.

"ఏ పుస్తకమండీ?" అంది చిన్నావిడ.

"ఆకుపచ్చ అట్టది, లావుపాటిది. మీ బావగారు చదివేదే. ఆయన ఇచ్చేశాక నేను తీసుకుంటా." డ్రైవరు గొంతు తగ్గించాడు. "దుంపల చేను దగ్గర పట్టుకున్నాడమ్మా. విదిలించుకుని వచ్చేశాను. నిద్ర పట్టలేదు."

ఆ పూట భోజనాల దగ్గర చిన్నావిడ బావగారిని సూటిగా అడిగింది.

"చేనులో ఎవరు బావగారూ?"

పెద్దాయన కంచంలోంచి తల ఎత్తలేదు. "వెనక్కి తగ్గుతున్న పటాలం కథమ్మా. సాయంత్రం, సన్నటి వాన. కోసేసిన చక్కెరదుంపల చేనుకి అడ్డం పడి పోతుంటారు. దెబ్బతిన్నవాళ్ళని మోసే దిక్కు లేక అక్కడే వదిలేస్తారు. అందులో ఒకడు, దాటే ప్రతివాణ్ణీ పట్టుకుంటాడు. వెనక నుంచి తోసుకొస్తుంటారు, ఆగడానికుండదు. పేజీ తిప్పేస్తాను."

"తర్వాత ఏమవుతాడు?"

"తెల్లవారేసరికి ఆ చేనులో ఎవరూ మిగల్లేదు అని ఉంటుంది. ఒక్క ముక్క. అంతే."

"అతని మొహం చూశారా?"

"చూశాను." పెద్దాయన నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "వాడు కాదు."

పెద్దావిడ చెయ్యి గరిటె మీద ఆగిపోయింది. ఇన్నేళ్ళూ భర్తది పుస్తకాల పిచ్చి అనుకుందామె.

"వందేళ్ళ నాటి యుద్ధంలో, ఎక్కడో యూరప్‌లో, మీ తమ్ముడు ఎందుకుంటాడండీ?" అంది నెమ్మదిగా.

"మన యుద్ధానికి పుస్తకం లేదు కదే. ఎక్కడని వెతకను? చేలల్లో పడిపోయినవాళ్ళంతా ఒకచోటికే చేరతారేమోనని."

చిన్నావిడ కంచాలు తీసింది. కడిగి బోర్లించి వచ్చి, గుమ్మంలో చెయ్యి తుడుచుకుంటూ నిలబడింది.

"శుక్రవారం షాపుకి సెలవు. నేనూ లైబ్రరీకి వస్తాను," అంది.

"నీకెందుకమ్మా?"

"ఆ మరక పోవడం లేదు బావగారూ. ఎన్ని కోట్లని ఉతకను?"

శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురూ వెళ్ళారు. చిన్నావిడ పెళ్ళయ్యాక పుస్తకం పట్టుకున్నది లేదు. పెద్దాయన ఆకుపచ్చ అట్ట పుస్తకం తెచ్చి, పేజీ వెతికి పెట్టాడు.

"ఇక్కణ్ణుంచి చదువు. ముందర ఫిరంగులున్నాయి, అవి నీకొద్దు."

ఆమె వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ మొదలుపెట్టింది. పెద్దావిడ పక్క కుర్చీలో కూర్చుంది. కాసేపటికి చిన్నావిడ పెదాలు ఆగిపోయాయి. చెప్పుల చుట్టూ గోనెపట్టా మీద తడి పాకింది.

చేను విశాలంగా ఉంది, చివర కనపడదు. దుంపలు తవ్వేసిన గుంటల్లో నీళ్ళు నిలిచాయి. మనుషులు తలలు వంచుకుని, ఒకరినొకరు చూసుకోకుండా నడిచిపోతున్నారు. ఆ నడకల చప్పుడు తప్ప అరుపూ లేదు, ఏడుపూ లేదు. చిన్నావిడ వాళ్ళతో పాటు నడిచింది. అనుకున్న చోటే మడమ దగ్గర చెయ్యి పడింది.

ఆమె కూర్చుంది.

నడిచేవాళ్ళు ఆమెని తప్పుకుని పోయారు. కాసేపటికి ఆఖరివాడు కూడా పోయాడు. చెయ్యి మడమ వదిలి ఆమె మణికట్టు పట్టుకుంది. అప్పుడు చూసింది అతని మొహం. గడ్డం సరిగ్గా రాలేదు. పై పెదవి మీద నూగు, దాని మీద వాన చుక్కలు. అతను ఏదో అన్నాడు. ఆ భాష ఆమెకి తెలియదు. మళ్ళీ అదే మాట అన్నాడు.

"ఉన్నాను నాన్నా, ఎక్కడికీ పోను," అంది తన భాషలో.

అతను వింటున్నట్టు తల ఇటు తిప్పాడు. ఆమె గొంతు ఆగితే అతని వేళ్ళు బిగుసుకుంటున్నాయి, మాట్లాడితే వదులవుతున్నాయి. అందుకని ఆమె మాట్లాడింది. ఏం చెప్పాలో ముందు తోచలేదు, బాయిలర్ గురించి చెప్పింది. పళ్ళ డాక్టరు ప్యాంట్లు నిలబడటం చెప్పింది. అక్కకి మోకాళ్ళ నొప్పులని, బావగారు ఇప్పటికీ సైకిలు మీద ఈల వేసుకుంటూ పోతారని, వెనకింటి గోడ పోయినేడు వానకి కూలిందని చెప్పింది. ఎక్కడా తడుముకోవాల్సిన పని లేకపోయింది. ఇవన్నీ ఆయనొచ్చాక చెబుదామని ఏ ఏటికా ఏడు దాచిపెట్టిన మాటలని ఆమెకి సగంలో తెలిసింది. తెలిసినా ఆపలేదు.

చీకటి పడింది. నడకల చప్పుడు పోయాక దూరంగా వినవచ్చిన మూలుగులు ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చాయి. దుంపల గుంటల్లో నీళ్ళ మీద పలచగా మంచు కట్టడం మొదలైంది.

లైబ్రరీలో మూసే గంట కొట్టారు. అందరూ లేచారు. చిన్నావిడ పేజీ తిప్పలేదు. జుట్టు మీద మంచు పొడిలా రాలి ఉంది. ఎడమ మణికట్టు చుట్టూ ఎర్రగా వేళ్ళ ముద్రలు, చూస్తుండగానే లోతవుతున్నాయి. పెద్దాయన ఆమె భుజం తట్టబోతే లైబ్రేరియనమ్మ ఆపింది.

"ఉండనివ్వండి. ఈ గదిలో ఆ పేజీ దగ్గర ఆగినవాళ్ళని నేనింతవరకు చూడలేదు," అని, వెళ్ళి కిటికీలు మూసి, హీటరు తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది.

వీధి దీపాలు వెలిగి చాలాసేపయ్యాక మణికట్టు మీద ఎరుపు తగ్గింది. ఒక్కొక్క వేలే విడిపోయినట్టు, ముద్రలు చిటికెన వేలు వైపు నుంచి వరసగా చెరిగిపోయాయి. చిన్నావిడ తల ఎత్తింది. గోళ్ళ నిండా మట్టి. అక్కని చూసి, అంతవరకు ఆపుకున్నట్టుగా ఊపిరి వదిలింది.

"పోయాడా?" అంది పెద్దావిడ.

చిన్నావిడ తల ఊపింది. "పసివాడక్కా," అంది. "నేను తల్లిలా ఉన్నాను వాడి పక్కన."

పెద్దావిడ ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుని రుద్దింది.

"ఆయన వెళ్ళినప్పుడు ఆయనకీ ఇరవై నాలుగే కదా," అంది చిన్నావిడ. "నాతో పాటే పెద్దవాడవుతున్నాడనుకున్నాను. ఇన్నేళ్ళూ నడుములు వదులు చేస్తూ కూర్చున్నాను."

పెద్దాయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చిన్నావిడ లేచి, పుస్తకం మూసి, ఆయన చేతికిచ్చింది.

"ఇంక మొహాలు వెతకొద్దు బావగారూ. మనవాడి పక్కన కూడా ఎవరో ఒకరు ఆగే ఉంటారు."

ఆయన పుస్తకాన్ని బీరువాలో దాని చోట పెట్టేసి వచ్చాడు.

మర్నాడు కోటు మీది మరక మామూలు చన్నీళ్ళకే పోయింది, మళ్ళీ రాలేదు. పెట్టెలో బట్టలు చిన్నావిడ తనే కిందికి తెచ్చింది. నడుములు విప్పి, మొదట్లో ఎంత ఉండేవో అంతకి కుట్టింది. ఆ కొలతకి సరిపోయే కుర్రాళ్ళు వస్తే ఇచ్చేసింది. భోజనం సరిగ్గా చేసింది. పొద్దెక్కేదాకా నిద్రపోవడం మొదలుపెట్టింది, బాయిలర్ చప్పుడుకి కూడా లేచేది కాదు.

నెల గడిచాక బస్సు డ్రైవరు కోటు తెచ్చాడు. దాని మీద సుద్దమట్టి తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడు దుంపల చేనులో ఎవరూ పట్టుకోవడం లేదమ్మా," అన్నాడు. "ఆ కుర్రాడి పక్కన ఒకావిడ కూర్చుని ఉంటోంది. మాట్లాడుతూ ఉంటుంది. వీపు ఇటువైపు. పిలిచాను, తిరగలేదు." అతను చిన్నావిడ ముడి వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "పళ్ళ డాక్టరుగారు కూడా ఓడల పుస్తకం పక్కన పెట్టి చూశారట. ఎప్పుడు తెరిచినా, ఎవరు తెరిచినా అక్కడే ఉంటోందట."

పెద్దావిడ ఇస్త్రీ పెట్టె నిలబెట్టి తోడికోడలి వైపు చూసింది. చిన్నావిడ కోటు జేబులు తడిమి, చిల్లర తీసి డ్రైవరుకిచ్చింది.

"అక్కడ వాన తగ్గిందా?"

"లేదమ్మా. మంచు కూడా పడుతోంది."

"ఆవిడ ఏమన్నా కప్పుకుందా?"

"మామూలు బట్టలే."

చిన్నావిడ లోపలికి వెళ్ళి తన ఊలు శాలువా తెచ్చింది. ముతకది, వెచ్చటిది. మడత పెట్టి బల్ల మీద ఉంచింది.

"ఈసారి చదివేటప్పుడు ఇది ఒళ్ళో పెట్టుకోండి. ఆవిడ భుజాల మీద వేసి రండి. పిలవకండి, పాపం మాటల్లో ఉంటుంది."

డ్రైవరు రెండు చేతులతో అందుకుని వెళ్ళాడు. మర్నాడు సాయంత్రం లైబ్రరీ నుంచి నేరుగా వీధి దాటి వచ్చాడు. మోకాళ్ళ దాకా తెల్లటి బురద, చేతులు ఖాళీ.

"వేశాను," అన్నాడు. "తిరిగి చూడలేదు. చెయ్యెత్తి అంచు దగ్గరికి లాక్కుంది. మళ్ళీ చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడు గోడ కూలిన సంగతి చెబుతోంది."

"మంచి పని చేశారు," అంది చిన్నావిడ. అతని కోటుకి చీటీ కట్టి, కిటికీ కింద కుప్పలో వేసింది. తర్వాత చేతులు కడుక్కుని పెద్దావిడ దగ్గరికొచ్చింది.

"అక్కా, రేపు నేను ఊరెళ్తాను."

పెద్దావిడకి అర్థం కాలేదు. ఈ ఇంట్లోకి వచ్చాక, ఆ శుక్రవారం వీధి దాటడం తప్ప, చిన్నావిడ ఒక్క పూట కూడా గుమ్మం వదిలి ఉండలేదు, తలుపు తట్టేవాళ్ళు తట్టి వెళ్ళిపోతారేమోనని.

"ఏ ఊరు?"

"చూస్తాను. సముద్రం ఉన్న ఊరేదైనా. బస్సెక్కాక అడుగుతాను."

"ఎప్పుడొస్తావు?"

చిన్నావిడ ఆలోచించింది. ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ ఆమెని అడగలేదు.

"తెలీదక్కా," అంది. "నా కోసం చూడకు. తలుపు గడియ పెట్టుకుని పడుకో."