వాండా చూడని ఆటలు

ఆగస్టు నెలాఖరుకి హెరన్స్ బేస్‌బాల్ జట్టు పట్టికలో అందరికన్నా పైనుంది. ఈరీ సరస్సు గాలి తగిలే ఆ పేటలో ఇంటింటికీ జట్టు జెండా ఎగిరింది. సీజను చివర పెద్ద పోటీలైన ప్లేఆఫ్స్‌కి టికెట్లు ఎలా సంపాదించాలన్నదే అందరి నోటా మాట. సెప్టెంబరు వచ్చిందో లేదో, జట్టుకి ఏ గాలి సోకిందో ఏమో, గెలిచే ఆటలన్నీ చివరి ఇన్నింగ్స్‌లో చేజార్చుకోవడం మొదలుపెట్టింది.

కారణం కనిపెట్టింది గస్ పావ్లిక్. ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరై, పక్కింటి లియో ఇంట్లోనే ప్రతి ఆటా చూసేవాడు. లియో భార్య వాండా, మోకాలి ఆపరేషనైన అక్కకి సాయంగా ఆగస్టంతా వాళ్ళ ఊళ్ళో ఉండి వచ్చింది. ఆమె వచ్చి సోఫాలో కూర్చున్న రోజే ఓటములు మొదలయ్యాయి.

"నీది ఐరన్ లెగ్ తల్లీ," అన్నాడు గస్. "మీ అక్క రెండో మోకాలు కూడా చూపించుకుంటే బాగుణ్ణు."

వాండా నవ్వి అతని మీదకి దిండు విసిరింది. లియో కూడా నవ్వాడు. కానీ ఆ వారమే ఒక ఆటలో, ఆమె పొయ్యి మీద క్యాబేజీ కూర కలపడానికి లేచి వెళ్ళినప్పుడు జట్టు మూడు పరుగులు తీసింది. ఆమె వచ్చి కూర్చోగానే నాలుగు ఇచ్చేసింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

మర్నాడు ఆట మొదలయ్యే వేళకి, ఆమె మొహంలోకి చూడకుండానే అడిగాడు లియో. కాసేపు వంటింట్లో ఉండరాదా అని. బొగ్గు గనుల ఊరి నుంచి వచ్చిన లియోకి పెళ్ళికి ముందు ఫుట్‌బాల్ తప్ప ఏమీ తెలియదు. ఈ ఆట చూడడం అతనికి నేర్పిందే వాండా. బంతి విసిరే పిచ్చర్ భుజం వాలిందంటే అలిసిపోయాడని అర్థమని, బంతిని కాదు బ్యాటు పట్టినవాడి కాళ్ళని చూడమని చెప్పింది ఆమే. అయినా లేచి వంటింట్లోకి వెళ్ళింది.

ఆ రోజు జట్టు గెలిచింది. మరుసటి రోజూ గెలిచింది. గస్ ఆమె కోసం డోనట్ల పెట్టె పట్టుకొచ్చాడు. ఓడినప్పుడు పడ్డ మాటలకన్నా ఆ డోనట్లే వాండాని ఎక్కువ బాధపెట్టాయి. వాటిని తింటూ తనూ నమ్మడం మొదలుపెట్టింది. మళ్ళీ ఓడిపోయేసరికి, వంటింట్లోకి టీవీ చప్పుడు వినబడుతోంది కాబోలని నేలమాళిగలోకి దిగింది. అప్పటికీ ఓడిపోతే, బయట కారులో అద్దాలు ఎత్తుకుని కూర్చుంది.

చివరి ఆదివారం వచ్చింది. మధ్యాహ్నం ఆట గెలిస్తే ప్లేఆఫ్స్. ఓడితే, షికాగోలో ఆడుతున్న పోటీ జట్టు కూడా ఓడాలి. ఆ రోజు ఆమెని వెళ్ళమని ఎవరూ అడగలేదు. ఇంట్లో వాషింగ్ మెషీన్ ఉండగానే దుప్పట్లన్నీ మూటగట్టి వీధి చివర లాండ్రీకి తీసుకెళ్ళింది.

అక్కడా టీవీ ఉంది. వాండా దానికి వీపు పెట్టి కూర్చుని, ఉన్ని టోపీ చెవుల మీదకి లాక్కుంది. లాండ్రీ చూసుకునే ఇవోన్ ఏమైందని అడిగింది.

"నేను చూస్తే ఓడిపోతారట," అంది వాండా, సిగ్గుపడుతూ.

ఇవోన్ నవ్వలేదు. రిమోట్ తీసి టీవీ నోరు నొక్కేసింది. "మా ఆయన పొద్దున బనీను తిరగేసి వేసుకున్నాడు," అంది. "ఎవరి తిప్పలు వాళ్ళవి."

తిరుగుతున్న దుప్పట్లనే చూస్తూ కూర్చుంది వాండా. దేవుడా దేవుడా అనుకుంటూ గోళ్ళు అరచేతుల్లో గుచ్చుకునేలా పిడికిళ్ళు బిగించింది. చాలాసేపటికి వెనక టీవీ చూస్తున్నవాళ్ళ నుంచి పెద్ద మూలుగు వినిపించింది. ఎవరో బట్టల బండిని కాలితో తన్నారు. ఇవోన్ గల్లా మీద తల ఆనించుకుంది. వాండా ఇంకా తడిగా ఉన్న దుప్పట్లని అలాగే కుక్కుకుని ఇంటికి నడిచింది.

లియో, గస్ సోఫాలో శవాల్లా ఉన్నారు.

"చూశావా?" అన్నాడు లియో. "ఒక్కసారైనా తల తిప్పే ఉంటావు. చెప్పు. ఏమీ అనను."

అతని కళ్ళల్లో కోపం లేదు. బతిమాలుతున్నాడు. వాండాకి అర్థమైంది. ఆమె చూసి ఉంటే ఈ ఓటమికి ఒక కారణం దొరుకుతుంది. వచ్చే ఏడాది ఆమెని దూరంగా ఉంచితే సరిపోతుంది. చూడకపోతే ఏ కారణమూ లేనట్టే. చూశానంటే అతని ప్రాణం కుదుటపడుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"చూడలేదు లియో. వినలేదు కూడా. వాళ్ళంతట వాళ్ళే ఓడిపోయారు."

లియో రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. చేతులు తీయకుండానే, నిన్ను కారులో కూర్చోబెట్టానా అన్నాడు. నేనే కూర్చున్నానులే అంది వాండా.

వాన వల్ల ఆలస్యమైన పోటీ జట్టు ఆట షికాగోలో అప్పుడే మొదలైంది. లియో జరిగి పక్కన చోటిచ్చాడు.

"మరి నా కాలు?" అంది వాండా.

"ఆ ఐరన్ లెగ్గేదో వాళ్ళ మీద పెట్టు," అన్నాడు గస్. "వాళ్ళే గెలవాలని మనస్ఫూర్తిగా కోరుకో. చచ్చినట్టు ఓడతారు."

నవ్వాలో ఏడవాలో తెలియక ముగ్గురూ ఆ పరాయి జట్టుకే చప్పట్లు కొట్టారు. వాండా అయితే వాళ్ళ పిచ్చర్‌ని నాయనా, బంగారం అని కూడా పిలిచింది. వాళ్ళు ఎనిమిది ఒకటితో గెలిచారు. హెరన్స్ కథ ముగిసింది.

గస్ చొక్కా మీద కోటు తగిలించుకుని వెళ్ళిపోయాడు. లియో టీవీ కట్టేశాడు. మళ్ళీ ఏప్రిల్ దాకా ఆట లేదు. ఇంట్లో తడి దుప్పట్ల వాసన.

"మంగళవారం ఏం జరిగింది?" అంది వాండా. "నేను నేలమాళిగలో ఉన్న రోజు. మొదటి బంతి నుంచీ చెప్పు."

ఇప్పుడెందుకన్నాడు లియో. ఆమె ఊరుకోలేదు. అతను అయిష్టంగానే మొదలుపెట్టాడు. మూడో ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి, గోడ దగ్గర బంతికోసం మనవాడు ఎలా ఎగిరాడో చూపించడానికి లేచి నిలబడ్డాడు. ఏడో ఇన్నింగ్స్‌లో వాండా మధ్యలో ఆపింది. భుజం వాలిపోయినవాణ్ణి ఇంకా ఎందుకు ఉంచారు, బుద్ధి ఉందా వాళ్ళకి అని తిట్టింది.

"నేనూ అదే అన్నాను," అన్నాడు లియో. "గస్‌నడుగు కావాలంటే."