గేరు తప్పేం లేదు

నేను ఒక గేరుని. ఇనుము లేదు, గ్రీజు లేదు, తుప్పు పట్టే యోగం కూడా లేదు. కంప్యూటర్లో బండ్లు కట్టుకునే ఆట ఒకటుంది. అందులో బరువు బరువే, జారుడు జారుడే, గుద్దుకుంటే ముక్కలే. నేను పుట్టింది ఆ ఆటలో. నన్ను చేసినవాడు నా కడుపులోనే మోటారు పెట్టాడు. మీట నొక్కితే చాలు, ఎవరూ తిప్పకుండానే తిరుగుతాను. ఎటు తిరగాలో చెప్పడానికి పక్కనే చిన్న బాణం గుర్తు కూడా పెట్టాడు. దాన్ని చూసే తీరిక మనుషులకు ఉంటే నేనిలా నోరు చేసుకోవాల్సిన పనే ఉండేది కాదు.

మొదట నవనీత చేతిలో పడ్డాను. మిర్యాలగూడలో ఇంట్లోనే కూర్చుని ఆఫీసు పని చేసుకునే అమ్మాయి. నన్నొక విమానం ముక్కుకి తగిలించి, అది ఎగరకపోతే నన్నే తిట్టింది. రెక్కలు పెట్టడం మరిచిపోయిందట. పోనీలే అనుకున్నాను. అసలు కష్టం వాళ్ళ నాన్నతో మొదలైంది.

ఆయన లింగస్వామి. బస్సు డిపోలో ముప్పై నాలుగేళ్ళు గేరుబాక్సులు విప్పి బిగించిన మెకానిక్కు. ఎండాకాలంలో పక్షవాతం వచ్చి కుడిచేతి వేళ్ళు మాట వినడం మానేశాయి. వేళ్ళు కదుపుతూ ఉండాలని డాక్టరు చెప్తే, నవనీత ఆ చేతికింద మౌసు పెట్టింది. ఆస్పత్రికి వచ్చిన పాత డ్రైవరు జహంగీరు, మంచి మనసుతోనే, "ఇగ నీ చేతికి పానాతోటి పనిలేదులే అన్నా" అనిపోయాడు. ఆ మాట ఈయనకు ముల్లులా దిగింది. ఆదివారం జహంగీరు మళ్ళీ వస్తాడు. ఆలోగా ఇదే చేత్తో బండి కట్టి, తెరమీది కొండ ఎక్కించి చూపించాలి. లేకపోతే ఆ మాటే నిజమైపోతుందని ఆయన భయం.

కట్టాడు. చక్రాలు నాకు తగిలించి, బలం చాలదని నాలాంటి గేరునే ఇంకొకదాన్ని పళ్ళు కలిసేలా పక్కన పెట్టాడు. మా ఇద్దరి బాణాలూ ఒకే దిక్కు చూస్తున్నాయి. పళ్ళు కలిసిన రెండు గేర్లు ఒకే దిక్కు తిరిగితే ఏమవుతుంది? కొట్టుకుంటాయి. కొట్టుకున్నాం. బండి వణికి, గిలగిలలాడి, ముక్కలై కొండ కిందికి దొర్లింది.

"నాసిరకం గేర్లు!" అన్నాడాయన.

నాసిరకమా నేను? నన్ను తెరమీది చెత్తబుట్టలో పడేసి, ఆటలోని సామాన్ల పెట్టెలోంచి మళ్ళీ తెచ్చాడు. పెట్టెలోంచి వచ్చేదీ నేనేనని ఆయనకేం తెలుసు! ఇలా ఒకసారి కాదు, నలభైసార్లు.

"నాయినా, ఇందులో దేని మోటారు దానికే ఉంటది. ఆ బాణం చూడు," అంది నవనీత.

"గేరు తనంతట తాను తిరుగుతదా? ఇంజను తిప్పితే ఒకటి తిరుగుతది, దాన్ని పట్టుకొని రెండోది తిరుగుతది. నాకే చెప్తున్నవా బిడ్డా?"

అదీ సంగతి. నా కడుపులో మోటారుందని నమ్మితే ఆయన ముప్పై నాలుగేళ్ళ చదువు ఎక్కడ పాడైపోతుందోనని భయం! నాకు నోరుంటే నలుగురూ వినేలా తిట్టేదాన్ని.

ఆదివారం జహంగీరు వచ్చి కూర్చున్నాడు. బండి కదిలింది, వణికింది, ముక్కలైంది. లింగస్వామి మొహం మాడిపోయింది. "గేర్లు మంచిగ లేవు," అని గొణిగాడు.

"అవునన్నా, గేర్లే మంచిగ లేవు. నువ్వేం జేస్తవ్," అన్నాడు జహంగీరు మెత్తగా.

లింగస్వామి ఉలిక్కిపడి ఆయన వైపు చూశాడు. డిపోలో బండి తెచ్చి "గేరు పడతలేదన్నా" అన్న ప్రతిసారీ ఈ జహంగీరునే నిలబెట్టి, "తప్పు గేరుది కాదు, ఏసినోడిది" అని తిట్టేవాడు. ఆ మనిషి ఇవాళ గేరునే తప్పుపడుతున్నాడంటే అర్థమేమిటి? జాలి పడుతున్నాడు.

లింగస్వామి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మొదటిసారి మమ్మల్ని నిజం గేర్లను చూసినట్టు చూశాడు. "ఇంజను లేకుంటనే తిరుగుతున్నరు గదా వీళ్ళు... ఎవనికి వాడే. ఇద్దర్నీ ఒక్క దిక్కే తోల్తున్న నేను," అన్నాడు.

బాణం గుర్తు ఆవగింజంత ఉంది. ఆయన మౌసును దానిమీదికి జరపబోయాడు. జహంగీరు మౌసు అందుకోబోయాడు.

"చెయ్ తియ్."

మూడుసార్లు గురి తప్పింది. నాలుగోసారి నొక్కాడు. నా పక్కవాడి బాణం ఎదురు దిక్కుకు తిరిగింది. ఇక వాడు తోస్తే నేను తిరిగాను, నేను తిరిగితే వాడికి తేలికైంది. బండి కొండెక్కింది.

"నీకు ఇన్నేండ్లు ఏం చెప్పిన?" అన్నాడు లింగస్వామి.

"తప్పు గేరుది కాదని," అన్నాడు జహంగీరు కళ్ళు తుడుచుకుంటూ.

ఆటలో బండిని దాచుకోవాలంటే దానికో పేరు పెట్టాలి. నవనీత టైపు కొట్టబోతే ఆయన వద్దన్నాడు. కుడిచేతి చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టాడు. చాలాసేపు పట్టింది. 'తప్పు నాది' అని రాశాడు.

ఇప్పుడు ఆ పేరు కిందే ఉన్నాను. నలభైసార్లు చెత్తబుట్టలో వేసినదానికి ఆ రెండు మాటలు ఏ మూలకీ చాలవు. అయినా ఆ వేలితో కొట్టిన మాటలు కదా, తీసుకున్నాను.